ఎక్కడా ఆడని డిస్కు

బడి సామాన్ల గదిలో పనికిరానివాటి జాబితా పంపమని పై నుంచి ఉత్తర్వు వస్తే, పోయిన వారం రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాను. విరిగిన గ్లోబు, చెద పట్టిన పటాలు, మోగని గంట రాశాక, అడుగున మూడు డీవీడీ ప్లేయర్లూ ఒక అట్టపెట్టె నిండా పాఠాల డిస్కులూ బయటపడ్డాయి. కొత్తగా చేరిన టీచరమ్మ ఉత్సాహం కొద్దీ ఒక డిస్కు పెట్టి చూసింది. మొదటి ప్లేయరులో ఆడింది. రెండోదానిలో ఆడలేదు.

"ఇదేం చిత్రమండీ! డిస్కు అదే కదండీ. అందులో ఆడి ఇందులో ఆడకపోవడం ఏంటండి? పాడైపోయిందని రాసేయండి మేడంగారూ," అంది.

"పాడైందో లేదో తేలకుండా అలా రాయకూడదు," అన్నాను. నా గొంతు అవసరాన్ని మించి గట్టిగా వచ్చిందని ఆ అమ్మాయి ముఖం చూశాక తెలిసింది. క్షమించమని అడిగాను గానీ, కారణం చెప్పలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగానే ఉంది. కారణం ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాకు పదమూడేళ్ళు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మ గల్ఫులో ఒక ఇంట్లో పనికి వెళ్ళి మూడేళ్ళు దాటింది. నేను అమ్మమ్మ దగ్గర, మావయ్య నీడలో పెరుగుతున్నాను. మావయ్య చెట్లెక్కి కాయలు కోసే కొబ్బరి దింపు పనికి వెళ్ళేవారు. ఆయన చొక్కాలకు ఎప్పుడూ పచ్చి కాయ జిగురు వాసన ఉండేది. ఇంటి వెనక కాలువలో నానబెట్టిన కొబ్బరి పీచు కుళ్ళిన వాసనతో మా అన్నం ముద్దలు దిగేవి. ఆ వాసన ఇప్పుడు ఆ ఊళ్ళో లేదు. పీచు నానబెట్టేవాళ్ళూ లేరు.

అమ్మకు రాయడం రాదు. మొదటి రెండేళ్ళూ పక్కింట్లో వంటచేసే తెలుగావిడ చేత ఉత్తరాలు రాయించి పంపేది. ఆవిడ స్వదేశం వచ్చేశాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఫోను చేస్తే యజమానురాలు పక్కన నిలబడి ఉండేదేమో, "బాగున్నాను, మీరు బాగున్నారా" అన్న రెండు మాటలే వచ్చేవి. ఆర్నెల్లుగా అవీ లేవు. రెండేళ్ళకు వస్తానన్న మనిషి రాకపోయేసరికి ఊరు తనకు తోచిన జవాబు తాను రాసేసుకుంది.

"అక్కడి సుఖం మరిగినోళ్ళు మళ్ళీ ఈ బురదలోకి వస్తారా?" అనేది పక్క వీధి పెద్దమ్మ, నేను వింటున్నానని తెలిసే.

గోదావరి వరద ఎర్రనీరు తీసి లంకలు మళ్ళీ తేలుతున్న రోజుల్లో, కొత్తపేట వైపు నుంచి ఒక డ్రైవరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. జేబులోంచి రుమాలు తీసి, అందులోంచి ఒక డిస్కు తీశారు. అందరి ఇళ్ళలో ఉండేలాంటిది కాదు, అరచేతిలో ఇమిడే చిన్నది.

"మా అమ్మాయి కనబడిందా బాబూ?" అని అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"లేదండి. విమానం ఎక్కేచోట ఎవరో ఆవిడ ఇచ్చేరండి. అందులో మీ అమ్మాయిగారు మాట్లాడేరంట. చెప్పాల్సిందంతా చెప్పేరు, చూసుకోమనండి అన్నారండి. ఆయ్, నాకంతే తెలుసండి."

ఆయన కాఫీ అయినా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయారు. అమ్మమ్మ ఆ డిస్కును వెలుగుకు పట్టి చూసింది. అందులో ఆమె ముఖమే కనబడింది. దాన్ని బైబిలు మధ్యలో పెట్టి, "మీ అమ్మ వస్తాదో రాదో ఇందులో ఉందే," అంది. మూడేళ్ళుగా నేను ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు ఆ పలుచని బిళ్ళలో ఉంది. తీసే దారి మాత్రం మాకు తెలియదు.

మొదట వెళ్ళింది పెద్దమ్మ ఇంటికే. ఆ వీధిలో ప్లేయరు ఉన్నది వాళ్ళకే. మినప సున్నుండలు తలొకటి చేతిలో పెట్టి, డిస్కు లోపల పెట్టింది. అది కాసేపు గరగరమని తిరిగింది. తెర మీద 'నో డిస్క్' అని వచ్చింది. నేను చదివి తెలుగులో చెప్పాను.

"కళ్ళెదురుగా పెట్టిందాన్ని లేదంటాడేంటే ఈడు!" అని అమ్మమ్మ ఆ పెట్టె మీద కోప్పడింది.

పెద్దమ్మ మాత్రం కంగారు పడలేదు. "ఆడదే. గల్ఫు డిస్కు గల్ఫు ప్లేయర్లోనే ఆడతాది. మా ఆడపడుచు తెచ్చిన సినిమా డిస్కులు ఇక్కడ ఆడేయా? దేశానికో తాళం ఏస్తారంట. అక్కణ్ణించి పెట్టె తెచ్చుకున్నోళ్ళింటికి వెళ్ళండి."

ఇది మా ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి. ఇంటికొకరు గల్ఫులో ఉన్న ఊళ్ళు మావి. అక్కడ కొన్న సినిమాలు ఇక్కడి ప్లేయర్లలో తిరగవని పసిపిల్లలు కూడా చెప్పగలరు. తయారుచేసేవాళ్ళు ప్రపంచాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కలో అమ్మిన డిస్కు ఆ ముక్కలోని ప్లేయరులోనే ఆడేటట్టు తాళం వేశారు. ఒక వస్తువు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో కొన్నవాడికి ముందే చెప్పాలన్న కనీస మర్యాద వాళ్ళకు లేకపోయిందని నేను ఇప్పటికీ అంటాను. అయితే మేము తెలిసిన ఆ ఒక్క నిజాన్నీ తీసుకెళ్ళి, అది చెల్లని చోట పెట్టాం. ఆ పొరపాటు ఇంకెక్కడివాళ్ళూ చేసి ఉండరు. ఇన్ని గల్ఫు పెట్టెల మధ్య బతికినందుకు మేమే చేశాం.

ఆ మర్నాడు నా లెక్కల పుస్తకం వెనక పేజీలకు గీతలు కొట్టాను. వారం, ఊరు, ఎవరిల్లు, ప్లేయరు ఎక్కడ కొన్నది, తెర మీద వచ్చిన మాట, ఎన్నిసార్లు పెట్టి చూశాం. చివర ఒక గడి ఎక్కువైతే దానికి 'ఇతర విషయాలు' అని పేరు పెట్టాను. ఏ ఇంట్లో మమ్మల్ని కూర్చోమన్నారు, ఏ ఇంట్లో అనలేదు అన్నది ఆ గడిలో రాసేదాన్ని.

ఆదివారాలు ఆరాధన కాగానే, మావయ్య సైకిలు ముందు నేను, వెనక అమ్మమ్మ. వానలు ఆ ఏడు విడవలేదు. గట్లన్నీ జారుడు. అమ్మమ్మ దిగి నడిచి, మళ్ళీ ఎక్కేది. గల్ఫు ఇళ్ళకు ఒక వాసన ఉండేది. అత్తరు, కలరా ఉండలు, పాలపొడి, ఎప్పుడూ మూసి ఉంచిన గదుల చల్లదనం కలిసినది. ప్లేయరు మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్కు పువ్వులు. ఒక ఇంట్లో నారింజపొడి కలిపిన నీళ్ళు గాజు గ్లాసుల్లో ఇచ్చారు. 'రాంగ్ డిస్క్' అని వచ్చింది. ఇంకో ఇంట్లో పళ్ళెం నిండా ఖర్జూరాలు పెట్టారు. తెర నల్లగానే ఉండిపోయింది. నేను నాలుగు ఖర్జూరాలు లంగా కుచ్చెళ్ళలో దాచి తెచ్చి, పుస్తకాల పెట్టెలో పెట్టి మరిచిపోయాను. చీమలు పట్టి పుస్తకం అట్ట తినేశాయి. అమ్మమ్మ నా వీపు మీద ఒకటి వేసి, "మీ అమ్మ అక్కడ ఊడ్చే ఇంట్లో ఇవి రాలి పడుంటాయే," అంది.

గీతలు పడ్డాయేమోనని మావయ్యకు అనుమానం వచ్చింది. దేనికైనా కొబ్బరినూనె తప్ప ఇంకో మందు తెలియని మనిషి ఆయన. దింపు తాడు బిగిసినా, కత్తి మొరాయించినా, మోకాలు నొప్పెట్టినా అదే రాసేవారు. డిస్కుకు కూడా రాశారు. ఆ నూనె డిస్కును లోపల పెట్టబోతే, ఆ ఇంటి కోడలు ఒక్క అరుపు అరిచింది.

"బాబోయ్, పెట్టె పాడైపోద్దండీ! ఇదేమన్నా నీటి మోటారనుకున్నారా?"

"పైపైనే రాసేనమ్మా," అన్నారు మావయ్య, చెయ్యి వెనక్కి పెట్టుకుంటూ.

కుంకుడు రసంతో కడిగాం. మళ్ళీ బైబిలులో పెట్టాం. రాత్రి పడుకునేముందు నేను దాన్ని తీసి చెవికి ఆనించుకునేదాన్ని. పిచ్చితనమని అప్పుడూ తెలుసు. కానీ లోపల అమ్మ నోరు తెరిచి మాట్లాడుతున్నట్టూ, గాజుకు ఇవతల మేం ముగ్గురం చెవిటివాళ్ళలా నిలబడి ఉన్నట్టూ అనిపించేది. చుట్టూ వాన. ఇల్లు కదలదు. బడికి వెళ్ళినా, వచ్చినా, అదే ప్రశ్న నా ముందు తలుపులా మూసుకుని ఉండేది.

అమలాపురంలో ఒక కంప్యూటరు సెంటరుకు తీసుకెళ్ళడం మా చివరి ఆశ. అక్కడి ఆయన డిస్కు పెట్టి, తెర వైపు చూసి, మా వైపు తిరిగారు.

"ఇందులో ఏమీ లేదండి. ఖాళీది."

"ఖాళీదేంటండి, మా అక్క మాట్లాడిందంట," అన్నారు మావయ్య.

"కంప్యూటరు అబద్ధం చెప్పదండి. ఖాళీది అనే చూపిస్తోంది."

ఈ మాట మాకన్నా ముందు మా ఊరు చేరింది. "ఖాళీ డిస్కు పంపిందంట," అన్న మాట కుళాయి దగ్గరికీ, బడికీ, చర్చి మెట్ల దాకానూ వచ్చింది. చెప్పడానికి ఏమీ లేకే అలా పంపిందని ఒకరు, ఇక రానని చెప్పడానికి మర్యాదైన పద్ధతి అని ఒకరు. అమ్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాత్రం పుస్తకంలో 'ఖాళీ అని కంప్యూటరు చెప్పింది' అని రాశాను. 'ఖాళీ' అని రాయలేదు. ఆ తేడా ఆ వయసులో నాకెలా తట్టిందో తెలియదు గానీ, అదే నన్ను నిలబెట్టింది. సొంతంగా మాట్లాడే ధైర్యం లేనిదాన్ని, మావయ్యతో మొదటిసారి వాదించాను. ఇంకొక్కచోట చూపిద్దామన్నాను.

అమలాపురంలోనే టీవీలు బాగుచేసే ఒకాయన ఉండేవారు. బండారులంకలో మగ్గం నేసే ఇంటివారు. చిన్న కొట్టు, విప్పిన పెట్టెల మధ్య ఆయనకు కూర్చోవడానికి మాత్రమే చోటు. టంకం పెట్టే వేడి సీసం, రజనం పొగ వాసన. ఆయన డిస్కు కన్నా ముందు నా పుస్తకం తీసుకుని, మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివారు.

"ఇది ఎవరు రాసేరండి?"

"నేనేనండి."

"ఆయ్. మా కొట్లో ఇలా రాసే మనిషి ఉంటే నా బతుకు బాగుపడునండి." డిస్కును బల్బు కింద వాల్చి పట్టారు. "ఇలా రండి చిన్నమ్మగారూ. లోపలి వైపు చూడండి. ఇక్కడి దాకా ఒక రంగు, ఆ తరవాత ఇంకో రంగు. కనబడిందా?"

కనబడింది. నడిమి చిల్లు చుట్టూ వేలి గోరంత వెడల్పున కాస్త ముదురు పట్టీ.

"రాసింది ఆ మేరకండి. మీ అమ్మగారు అంతసేపు మాట్లాడేరు. ఖాళీది కాదు."

అమ్మమ్మ ఆ పట్టీ మీద వేలు పెట్టబోయి, తీసేసుకుంది.

"మరి ఎక్కడా ఆడదేంటండి?" అన్నారు మావయ్య.

"మా నాన్నగారు మగ్గం మీద చీర నేసేరనుకోండి. నేత అంతా అయ్యింది. కోసి, కిందికి దింపలేదు. కొట్టువాడు చూడగలడాండి? చూడాలంటే ఆ మగ్గం దగ్గరికే రావాల. ఇదీ అంతే. ఈ డిస్కు కెమెరాలోనే పెట్టి తీసేక, ముగించడానికని చివర ఒక మీట ఉంటాదండి. అది నొక్కితేనే బయటి ప్లేయర్లు చదువుతాయి. నొక్కలేదు. తీసిన కెమెరా ఒక్కటే చదవగలదు, లేదంటే అదే రకం ఇంకోటి."

"మరి గల్ఫు తాళం?"

"అది కొట్లో కొన్న సినిమాలకండి. ఇంట్లో తీసుకున్నదానికి తాళం ఎవరేస్తారండి?"

"అయితే ఇన్నాళ్ళూ మేము తిరిగిందంతా..." అమ్మమ్మ పూర్తి చేయలేదు.

"ఉత్తినే తిరిగేరండి," అన్నారాయన, తప్పు తనదైనట్టు తల వంచుకుని. తరవాత, చిన్న డిస్కులు వేసే కెమెరా ఒకటి తన దగ్గరికి ఛార్జరు బాగుకు వచ్చిందనీ, అది రాజోలు దగ్గర ఉన్న ఒక నర్సు గారిదనీ చెప్పి, దారి రాసి ఇచ్చారు.

ఆ నర్సు గారు గల్ఫు ఆస్పత్రిలో చాలాకాలం పనిచేసి వచ్చారు. కెమెరా తువ్వాల్లో చుట్టి, బీరువాలో చీరల కింద ఉంది. "ఇక్కడ ఈ చిన్న డిస్కులు దొరకవండీ. ఊరికే పడుంది," అంటూ తెచ్చి, డిస్కు లోపల పెట్టి మూత వేశారు. పక్కన అగ్గిపెట్టె అంత తెర తెరుచుకుంది.

ఆ అగ్గిపెట్టెలో అమ్మ ఉంది.

నవ్వుతోంది. అమ్మ అంతగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మమ్మ చూపుకు అంత చిన్న బొమ్మ ఆనలేదు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. చూసింది నేను.

"అమ్మా, తమ్ముడూ, పాపా. ఈ కెమెరా పట్టుకున్నది ఈ ఇంటి చిన్నపిల్ల. దీనికి మన మాట రాదు. నేను నవ్వకపోతే ఏడుత్తందని వాళ్ళమ్మకి చెప్తాది. అందుకని నవ్వుతున్నాను. మీరు నవ్వు చూడకండి. మాట వినండి."

అలా నవ్వుతూనే చెప్పింది. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. మూడుసార్లు అడిగింది, ఇంటికి పంపేది లేదన్నారు. ఫోను తీసేశారు. వీధి తలుపు బయటి నుంచి తాళం.

"వీళ్ళ రంజాను పండగ వెళ్ళేక వచ్చే మొదటి శుక్రవారం వీళ్ళు చుట్టాలింటికి పోతారు. నన్ను మన తెలుగోళ్ళ ప్రార్థనకి ఒక్కపూట వదులుతామన్నారు. అక్కడున్న ఒక అక్క నన్ను మన ఎంబసీకి తీసుకెళ్తానంది. వెళ్తే ఇంక ఈ ఇంటికి రాను. ఉత్తి చేతుల్తో వస్తాను. మీరు రమ్మంటే వస్తాను అమ్మా. ఆ రోజు ఆ అక్క నంబరుకి ఫోన్ చెయ్యండి. పొద్దుట్నించి ఫోను దగ్గరే కూకుంటాను."

నంబరు ఒక్కొక్క అంకె, రెండుసార్లు, పిల్లకు పాట నేర్పుతున్నట్టు తల ఊపుతూ చెప్పింది. తరవాత కెమెరా వెనకనుంచి పిల్ల ఏదో అంది. అమ్మ నవ్వింది. తెర నల్లబడింది.

"రంజాను ఎప్పుడయ్యిందండి?" అని మావయ్య అడిగారు.

నర్సు గారు గోడమీది క్యాలెండరు చూశారు. "నాలుగు వారాలవుతోందండి."

నేను పుస్తకం తెరిచాను. మేం వెళ్ళిన ఇళ్ళలో ఒక్క ఇంటి సంగతి ఇక్కడ ఇంతవరకూ చెప్పలేదు. అమ్మ చెప్పిన ఆ శుక్రవారమే, వానకు దింపు పని ఆగి, బడికి సెలవిచ్చారు. నగరం అనే ఊరి దాకా వెళ్ళి ఒక పెద్ద మేడ ముందు నిలబడ్డాం. పని మనిషి వచ్చి, కరెంటు లేదు, రేపు రండి అంది. వాన తగ్గేదాకా వరండాలో ఉంటామంటే, గేటు వేసుకోవాలంది. నా రాతలో ఆ రోజు గీత మీద ఉన్నవి మూడే మాటలు: 'కరెంటు లేదు. రేపు.' ఏ జవాబు కోసం ఆ గేటు ముందు తడిశామో, ఆ జవాబు మమ్మల్నే అడుగుతూ మా అమ్మ ఫోను పక్కన కూర్చుని ఉంది.

నర్సు గారి ఫోను నుంచే ఆ నంబరుకు చేశాం. ఆ అక్క ఎత్తారు.

"పొద్దున్నే వచ్చిందండి. ఫోను ఒళ్ళో పెట్టుకునే ఉంది. భోజనానికి లెమ్మంటే, ఈలోగా మోగుతాదేమో అక్కా అని లేవలేదండి. సాయంత్రం వాళ్ళ కారొచ్చింది. ఎక్కేసింది. మళ్ళీ ప్రార్థనకి వదల్లేదండి."

మేము చేయగలిగినంతా చేశాం. పాస్టరు గారు ఉత్తరాలు రాశారు. అమ్మను గల్ఫుకు పంపిన ఏజెంటు ఇల్లు మారిపోయాడు. నేను ప్రతిదీ రాశాను. నేరం ఎవరి గడిలో వేయాలో మాత్రం తేలలేదు. మీట నొక్కని పిల్లదా? మీట ఒకటి ఉందని చెప్పకుండా అమ్మినవాళ్ళదా? తలుపుకు తాళం వేసినవాళ్ళదా? తెలిసిన తాళం పేరు చెప్పి, తెలియని తాళం చుట్టూ తిరిగిన మాదా?

అమ్మ మరో రెండేళ్ళకు వచ్చింది. ఆ చిన్నపిల్లే, కాస్త పెద్దదయ్యాక, ఒక రోజు బీరువా తెరిచి పాస్‌పోర్టు చేతిలో పెట్టిందట. వచ్చాక చాలా రోజులు ఆ శుక్రవారం ఊసు అమ్మ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. అమ్మమ్మ ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం, పనసకాయ కొడుతూ, కత్తికి నూనె రాసుకుంటూ, మామూలు మాటలా అంది:

"ఉత్తి చేతుల్తో వస్తానంటే ఎవరు రమ్మంటారులే అనుకున్నానే. మీ తప్పు కాదు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు ఇల్లుగా, వారం వారంగా, ఒక్కటీ వదలకుండా. అమ్మ కత్తి పక్కన పెట్టేసింది. జిగురు చేతులు గాలిలో అలాగే ఉంచి వింది. ఏ పెట్టె తెర మీద ఏ మాట వచ్చిందన్నది ఆమె అడగలేదు. ప్రతి ఇంటి దగ్గరా ఒక్కటే అడిగింది:

"ఏం పెట్టేరే మీకు, తినడానికి?"

సున్నుండలు పెట్టారని చెప్పాను. నారింజ నీళ్ళిచ్చారని చెప్పాను. ఖర్జూరాలు దొంగిలించానని చెప్పాను, నవ్వింది. ఈసారి నిజం నవ్వు.

శుక్రవారం దాకా వచ్చాం. మేడ అని చెప్పాను. వాన అని చెప్పాను.

"ఆ రోజు ఏం తిన్నావే?"

పుస్తకంలో ఒక్క అక్షరం తప్పు రాయనిదాన్ని. నా జీవితంలో ఏ రిజిస్టరులోనూ, ఏ గడిలోనూ లేనిది ఉన్నట్టు రాయలేదు.

"పొట్టిక్కలు పెట్టేరమ్మా. పనసాకు బుట్టల్లో ఉడికించినయి, వేడివేడిగా. కొబ్బరి పచ్చడి కూడా వేసేరు. కడుపునిండా తిన్నాం," అన్నాను.

"ఆయ్," అంది అమ్మ. "పోన్లే."